లావణ్యకు, ఇంటి తాళం గురించి

చిరంజీవి లావణ్యకు, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఆఫీసులో ఉండగా ఇంటాయన తన దగ్గరున్న మారు తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడనీ, అడిగితే "నా ఇల్లు నేను చూసుకోకూడదా?" అన్నాడనీ విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పెద్దాయన, పోనీలే అమ్మా అన్నావు. పోనివ్వడానికి వీల్లేదు తల్లీ. అది నువ్వు ఒంటరిగా ఉండే ఇల్లు. నువ్వు లేనప్పుడు చెప్పకుండా వచ్చిన మనిషి నువ్వు స్నానం చేస్తున్నప్పుడు రాడని ఏమిటి నమ్మకం?

ఇల్లు ఆయనదే, కాదనను. కానీ అద్దె తీసుకుంటున్నన్నాళ్లు అందులో ఉండే హక్కు నీది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. అద్దె సక్రమంగా కట్టేవాళ్లను ఆటంకం లేకుండా ఉండనివ్వాలని అందులోనే రాశారు. ఇంటి బాగోగులు చూసుకోవడానికి యజమాని సమంజసమైన వేళల్లో వస్తే రానివ్వాలనీ అందులోనే ఉంది. కాబట్టి అసలు రావద్దని మాత్రం అనకు. గోడ చెమ్మెక్కిందనో, పైపు కారుతోందనో వస్తానంటే రమ్మను. సమంజసమైన వేళ అంటే ఏదో ఆ చట్టం విడమరచి చెప్పలేదు. గొడవలన్నీ అక్కడే పుడతాయి.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఆ లోటు తీర్చింది. ఎందుకు వస్తున్నారో, ఏ రోజు ఏ వేళకు వస్తారో కనీసం 24 గంటల ముందు కాగితం మీదో, ఫోను సందేశంలాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో తెలపాలి. తెల్లవారకముందు, పొద్దుగూకాక రాకూడదు. అగ్నిప్రమాదం, వరద, తుపాను వంటి ఆపదలో మాత్రం ముందుగా చెప్పనక్కర్లేదు. అది నమూనాయే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అయినా ఆ మాటలనే మీ అగ్రిమెంటులో రాసుకుంటే మీ ఇద్దరికీ అవే కట్టుబాటు. నీ పదకొండు నెలల గడువు వచ్చే నెలతో అయిపోతుంది కదా, కొత్త స్టాంపు పేపరు మీద ఈ షరతు రాయించాకే సంతకం పెట్టు. అద్దె, అడ్వాన్సు, రంగుల ఖర్చు అన్నీ రాయిస్తారు గానీ ఈ ఒక్కటీ ఎవరికీ గుర్తు రాదు.

మన పై వాటా వాళ్ల వంటింట్లో కుళాయి బాగు చేయించాలన్నా మీ నాన్నగారు ముందురోజే అడిగి, వాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే మనిషిని పంపుతారు. దానివల్ల ఆయన యజమాని హోదాకు ఏ లోటూ రాలేదు.

ఈ రోజే ఆయనకు మెసేజ్ పెట్టు. "మీరు రావాలనుకుంటే ముందురోజు చెప్పండి, నేను ఇంట్లో ఉంటాను. నేను లేనప్పుడు దయచేసి తలుపు తీయవద్దు" అని మర్యాదగా రాయి. నోటిమాట రేపు మారిపోవచ్చు, రాసింది ఉంటుంది. ఇంట్లో ఉన్నంతసేపూ లోపల గడియ వేసుకో. భయపెట్టడానికో అవమానించడానికో వచ్చినట్టు అనిపిస్తే అది పోలీసులకు చెప్పాల్సిన నేరం, మొహమాటపడకు.

షరతు రాయడానికి ఆయన ఒప్పుకోకపోతే ఇల్లు మారిపో. అడ్వాన్సు సంగతి మీ నాన్నగారు వచ్చి మాట్లాడతారు. మెసేజ్ పెట్టాక నాకొకసారి ఫోను చెయ్యి.

మీ అమ్మ