డౌన్‌హిల్ బైకుల గురించి రాసేటప్పుడు సెట్టింగులు కూడా వేయండి

ఎడిటర్ గారికి,

మీ స్పోర్ట్స్ పేజీలో డౌన్‌హిల్ సైకిల్ రేసర్ బైకు గురించి వచ్చిన వ్యాసం చదివాను. కొండ మీంచి రాళ్లు, వేర్ల మధ్యగా కిందికి దూసుకొచ్చే ఈ రేసుకి తెలుగు పేపర్లో చోటు దొరకడమే అరుదు, అందుకు ముందుగా థ్యాంక్స్. కానీ అందులో ఉన్నదంతా సామాన్ల జాబితానే. ఫ్రేము కార్బన్‌ది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఫలానా కంపెనీది, బ్రేకులు ఫలానావి, బండి ఎంతో తేలిక అని రాశారు. ఆ రేసర్ బరువెంత, టైర్లలో గాలి ఎంత పెట్టాడు, వెనక షాక్‌కి ఎంత గట్టి స్ప్రింగు వేశాడు, వీటిలో ఒక్కటీ లేదు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఆ జాబితా పట్టుకుని షాపుకి పరిగెత్తుతారు, నా బాధంతా అదే.

తేలిక అన్నదాని మీద అంత జోరుగా రాయాల్సింది కాదు. గట్టు ఎక్కే రేసులో బరువు తగ్గితే లాభం సరే, డౌన్‌హిల్ బైకులు మాత్రం మామూలుగా 16, 17 కిలోలు ఉంటాయి, దానికెవరూ సిగ్గుపడరు. టైర్లే చూడండి. రెండు పొరల మందపాటి డౌన్‌హిల్ టైరు ఒక్కోటీ కిలో పైనే తూగుతుంది. అంత బరువు ఎందుకు మోస్తారంటే, వేగంగా వస్తున్న చక్రం పదునైన రాయి మీద పడ్డప్పుడు టైరు అడుగుదాకా అణిగిపోయి, రాయికీ రిమ్ము అంచుకీ మధ్య నలుగుతుంది. ఆ నలిగిన చోట తెగిందంటే ట్యూబ్‌లెస్ టైరులో చిల్లులు పూడ్చడానికి పోసిన సీలెంటు ద్రవం కూడా చాలాసార్లు ఆపలేదు. పోనీ గాలి ఎక్కువ కొడదామంటే టైరు రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంది, మలుపులో పట్టు పోతుంది. అందుకే చాలామంది గాలి ఒత్తిడి 25 పీఎస్ఐకి అటూ ఇటూగా, ముందు కాస్త తక్కువ, వెనక కాస్త ఎక్కువ పెట్టుకుని, తడి ఉందా పొడి ఉందా చూసుకుని ఒకటి రెండు పీఎస్ఐలు మారుస్తారు. ఆ ఒకటి రెండు తేడా కూడా చేతులకి తెలుస్తుంది.

దీనికి అమెరికా డౌన్‌హిల్ రేసర్ ఆరన్ గ్విన్ కంటే మంచి సాక్ష్యం నాకు తోచడం లేదు. ఆస్ట్రియాలోని లియోగాంగ్ వరల్డ్ కప్‌లో 2014లో ఆయన వెనక టైరు పోయింది, వట్టి రిమ్ము మీదే కిందిదాకా వచ్చాడు, గెలుపు ఆశ అక్కడితో సరి. మరుసటి ఏడాది అదే చోట మొదట్లోనే చైను తెగిపోయింది, అయినా గెలిచాడు! అదే మనిషి, అదే కొండ. మీ వ్యాసంలో గేర్ల గురించి ఒక పేరా మొత్తం ఉంది, టైర్ల గురించి ఒక్క వాక్యం ఉంది.

ఇక సస్పెన్షన్. 200 మిల్లీమీటర్ల ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ కదలగల దూరం, అని రాసి వదిలేశారు. అది దాదాపు అన్ని డౌన్‌హిల్ బైకులకీ ఉండేదే, అందులో వార్తేం లేదు. హెల్మెట్, గార్డులు అన్నీ వేసుకుని బైకు మీద నిలబడితే షాక్ ఎంత అణుగుతుందో, అంటే శాగ్ ఎంతో, అది చెప్పాలి. వెనక సుమారు 30 శాతం పెట్టుకోవడం మామూలు. షాక్ స్ట్రోకు, అంటే అది మొత్తం అణగగల దూరం, 75 మిల్లీమీటర్లు అనుకుంటే 22, 23 మిల్లీమీటర్లు అన్నమాట. అది కుదరకపోతే స్ప్రింగే మార్చాలి. 60 కిలోల అమ్మాయికీ 90 కిలోల అబ్బాయికీ ఒకే స్ప్రింగు ఎలా సరిపోతుంది?

రీబౌండ్ సంగతి ఇంకా ముఖ్యం, మామూలుగా ఎర్రరంగులో ఉండే ఆ చిన్న నాబు గురించే చెబుతున్నాను. అణిగిన సస్పెన్షన్ ఎంత త్వరగా పైకి లేవాలో అది నిర్ణయిస్తుంది. మరీ బిగిస్తే మొదటి రాయి దెబ్బకి అణిగినది పూర్తిగా లేవకముందే రెండో రాయి తగులుతుంది, ఆపైన మూడోది, అలా వరసగా రాళ్లున్న చోట బైకు దిగబడిపోతూ దిగబడిపోతూ చివరికి సస్పెన్షనే లేనట్టు కొడుతుంది, నడిపేవాడేమో ఫోర్కు మెత్తగా లేదని ఇంకేదో మారుస్తాడు. మరీ వదిలేస్తే వెనక చక్రం మనిషిని ముందుకి తన్నేస్తుంది. గట్టి స్ప్రింగుకి రీబౌండ్ కాస్త ఎక్కువ బిగించాలి కాబట్టి, ఛాంపియన్ ఆ నాబుని ఎన్ని క్లిక్కులు తిప్పాడో చూసి అలాగే తిప్పుకుంటే మేలు కంటే కీడే ఎక్కువ. బరువు పక్కన రాయకుండా క్లిక్కుల లెక్క రాసి ప్రయోజనం లేదు.

ఆ బైకుకి ముందు 29 అంగుళాల చక్రం, వెనక 27.5 ఎందుకో కూడా ఒక ముక్క రాయాల్సింది. 2019లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ నిబంధన మార్చాకే ఇలా రెండు సైజులు కలపడం రేసుల్లో కుదిరింది. పెద్ద చక్రం గోతుల మీంచి సాఫీగా పోతుంది, వెనక చిన్నదైతే బాగా నిటారుగా దిగేటప్పుడు వెనక్కి వంగినా టైరు తగలదు, మలుపులో బైకు చప్పున తిరుగుతుంది. పొట్టివాళ్లకి ఇది మరీ పెద్ద సుఖం. పెడల్స్ మాత్రం ఎవరిష్టం వారిది. కాలు బిగించే క్లిప్పులు వాడేవారే ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆస్ట్రేలియా రేసర్ శామ్ హిల్ కాలు బిగించని ఫ్లాట్ పెడల్స్ మీద 2007లోనూ 2010లోనూ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు పక్కన చిన్న బాక్సు ఒకటి కట్టండి: రేసర్ బరువు, ముందు వెనక టైర్లలో గాలి, శాగ్, స్ప్రింగు, బ్రేకు డిస్కుల సైజు, ఆ రోజు ట్రాక్ తడిగా ఉందా పొడిగా ఉందా. కొందరు రేసర్లు నంబర్లు చెప్పరు, అది వాళ్ల హక్కు. అలాంటప్పుడు ప్రాక్టీసుకీ ఫైనల్‌కీ మధ్య బైకులో ఏం మార్చారో, ఎందుకు మార్చారో వాళ్ల మెకానిక్‌ని అడిగి ఆ మాటలే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు