రాక్షసుడికి నాలుగు అంకెలు సరిపోవు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో టేబుల్‌టాప్ ఆటల మీద వ్యాసం వచ్చి చాలా రోజులైంది. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లూ ఆగాను. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. తెలుగు పత్రికలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ గురించి, అంటే పాచికలు వేస్తూ అందరూ కలిసి కథ నడిపే ఆ ఆట గురించి అర పేజీ రావడం సంతోషమే. కానీ మీ వ్యాసకర్త, భూతాలకూ రాక్షసులకూ వర్ణనలు దండగనీ, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె), హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ ఓర్చుకోగలడో చెప్పే అంకె), దెబ్బకు ఎంత నష్టమో రాస్తే చాలనీ, మిగతాది డీఎం, అంటే ఆట నడిపే డంజన్ మాస్టర్, చూసుకుంటాడనీ తేల్చేశారు. ఆట నడిపేవాళ్లను ఒక్కరినైనా అడిగి రాశారా?

ఆ 'మిగతాది' ఎంతుంటుందో మా టేబుల్ దగ్గర జరిగినదాన్ని బట్టి చెబుతాను. మేం మొదట్లో ఆడింది 2014 నాటి ఆటకు ఉచితంగా దొరికే నియమాలతోనే. అందులో రాక్షసుడికి ఆర్మర్ క్లాస్ 16, హిట్ పాయింట్లు 110. అతను ఒప్పుకుంటే తప్ప, ఆరో స్థాయి దాకా ఉన్న ఏ మంత్రమూ అతనికి తగలదు. ఎదుటివాడి మనసు చదువుతాడు, కావలసిన వేషం వేస్తాడు. ఊరి షావుకారు రూపంలో ఉన్న అతన్ని మావాళ్లు పట్టేశారు. కత్తులు తీస్తారనుకుంటే మా మరదలు, "నువ్వు బంధించిన పిల్లను వదలాలంటే నీకేం కావాలి?" అని సూటిగా అడిగింది. అందరం డీఎం వైపు చూశాం. పాపం అతను ఫోన్‌లో ఆ పేజీని పైకీ కిందకీ జరుపుతూ కూర్చున్నాడు. మంత్రాల జాబితా ఉంది, ఆ ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. చివరికి "కోపంతో మీద పడ్డాడు" అన్నాడు. అంతసేపూ కూడగట్టిన టెన్షన్ అంతా అక్కడితో చచ్చింది.

వివరం అంటే పేజీలు నింపడమని నేను అనడం లేదు. ఈ ఆటలోని జీవుల వివరాలిచ్చే పుస్తకం, 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ చూడండి. ఓర్క్‌లనే క్రూర జాతి జీవులు ఒకేసారి 30 నుంచి 300 దాకా ఎదురుపడతాయని అందులో ఉంది. గూటిలో దొరికే అవకాశం 35 శాతం. ప్రతి 30 మందికీ ఒక నాయకుడు, ముగ్గురు సహాయకులు. ఇవీ అంకెలేగా! కానీ వీటిలోంచి ఒక దండు, దాని కట్టుబాటు, దాని స్థావరం కళ్లముందుకొస్తాయి. 1981 బేసిక్ నియమాల్లో ప్రతి జీవికీ మొరేల్ (ధైర్యం) అని 2 నుంచి 12 వరకు ఒక అంకె ఉండేది. తమలో ఒకడు చచ్చినప్పుడు, సగం మంది పడిపోయినప్పుడు రెండు డైస్ వేస్తారు, ఆ అంకె దాటితే పారిపోతాయి, లేదా లొంగిపోతాయి. ఒక్క అంకెతో దాని పిరికితనమో మొండితనమో తెలిసిపోయేది. 2014 పుస్తకం ఎంట్రీల్లో అలాంటిది లేదు. అందుకే ఇప్పుడు చాలా టేబుళ్ల దగ్గర గాబ్లిన్ అనే చిన్న జీవి కూడా చచ్చేదాకా పోరాడుతుంది.

అలాగని ఎక్కువ రాసిన ప్రతిదీ గొప్పదీ కాదు. 1989లో విడి కాగితాల ఫైలుగా వచ్చిన సంకలనంలో నివాసం, సమాజం, పర్యావరణం అంటూ శీర్షికలు పెట్టి ప్రతి జీవికీ పేజీ నింపారు. కొన్నింటికి ప్రాణం వచ్చింది, కొన్నింటికి ఊకదంపుడు మిగిలింది. గాబ్లిన్‌కు నాలుగు వాక్యాలు చాలు. మాట్లాడేవాడికి, మోసం చేసేవాడికి, బేరమాడేవాడికి మాత్రం ఇంకాస్త కావాలి.

మన రాక్షసుడికి ఆ ఆట తయారుచేసినవాళ్లు చేసిన అన్యాయం మీ వ్యాసంలో ఎక్కడా లేదు. 1977 పుస్తకంలో అతనికి పులి తల పెట్టారు. పవిత్రం చేసిన క్రాస్‌బో బాణం తగిలితే వెంటనే చస్తాడన్నారు. ఆ బాణం ఒక అమెరికన్ టీవీ సీరియల్ నుంచి వచ్చింది. ఎందుకు చస్తాడో ఆ పుస్తకంలో రాయలేదు. 2014 నాటికి అది 'మంచివాళ్లు వాడే మాయా ఆయుధంతో గుచ్చితే రెట్టింపు నష్టం' అనే ఒక్క లైనుగా మిగిలింది.

భారతంలో బకాసురుడి సంగతి చూడండి. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకొచ్చిన మనిషి అతని తిండి. ఇంటికొకరి చొప్పున వంతు. బదులుగా ఏకచక్రపురాన్ని ఇతర శత్రువుల నుంచి కాపాడతాడు. రాజు చేతకానివాడు కాబట్టి జనం ఒప్పుకున్నారు. ఊరొదిలి పోదామంటే పుట్టి పెరిగిన చోటని భార్య ఒప్పుకోలేదని బ్రాహ్మణుడు వాపోతాడు. వెనక నుంచి ఎన్ని దెబ్బలు వేసినా భీముడు తిండి ఆపకపోతే బకుడికి ఎంత కోపం! అతను చచ్చాక బంధువులు ఇక మనుషుల జోలికి రామని మాటిచ్చారు. ఏం కావాలి, ఏం ఇస్తాడు, జనం ఎందుకు భరిస్తున్నారు, పోయాక ఏమవుతుంది, అన్నీ ఉన్నాయి. ఏ డీఎం చేతిలో పెట్టినా రాత్రంతా ఆడించవచ్చు. బకుడి హిట్ పాయింట్లు ఎన్నని ఎవరూ అడగరు.

ఇంకో మాట. 2023 జనవరి నుంచి ఆ ఉచిత నియమాలు క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు. అంటే అంకెలు ఊరికే దొరుకుతున్నాయి. అంత ఖరీదు పెట్టి పుస్తకం కొనేది ఆ వర్ణన కోసమే. అది దండగైతే మేం డబ్బు దేనికి పెడుతున్నట్టు?

కొనలేని పిల్లలు గ్రంథాలయానికి వెళ్తే, "ఆటల పుస్తకాలు పుస్తకాలు కావు" అని మా ఊరి అధికారి ఒకాయన తిప్పి పంపారు. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మా దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తారు. అక్కడేమో పోటీ పరీక్షల గైడ్లు తప్ప కొత్త పుస్తకం కనపడదు. పిల్లలు చదవడం లేదని సభల్లో బాధపడేది కూడా ఈ అధికారులే. వందల పేజీల పుస్తకాన్ని ఇష్టపడి చదివే పిల్లల్ని గుమ్మం దగ్గరే ఆపేస్తే ఇంకెవరు చదువుతారు?

మీరు ఈ శీర్షిక కొనసాగించేటట్టయితే, దయచేసి వారంవారం ఆట నడిపే ఒక డీఎం చేత రాయించండి. స్థలం తక్కువైతే బొమ్మ చిన్నది చేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుంటూరు