పండ్ల తోటల సంఘం వార్షిక నివేదిక: ఖాళీ బుట్టను నమ్మిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదిక దాదాపుగా ఒకే పని చుట్టూ తిరుగుతుంది. యాపిల్ కాయను తొలిచే కోడ్లింగ్ మాత్ మీద మందు కొట్టడం తగ్గించి, అసలు అది జతకట్టకుండానే చూద్దామని పోయిన సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. కొమ్మ కత్తిరింపుల శిక్షణ, సభ్యత్వాల రెన్యూవల్ లాంటి మిగతా పనులు అనుకున్నట్టే జరిగిపోయాయి. జమాఖర్చులు విడిగా ఇస్తున్నాం.

కొత్త సభ్యుల కోసం ముందు అసలు సంగతి. పొద్దుగూకే వేళ ఆడ రెక్కల పురుగు ఒక వాసన వదులుతుంది. మగది ఆ జాడ పట్టుకుని గాలికి ఎదురెగిరి దాన్ని చేరుతుంది. ఆ వాసన పదార్థమే ఫెరోమోన్. తోటలో వందల చోట్ల నుంచి అదే వాసన వస్తుంటే మగ పురుగులు తికమకపడతాయి. కొన్ని, ఆ వాసన నింపి మనం కొమ్మలకు కట్టిన గొట్టాల చుట్టూనే తిరిగి రాత్రి గడిపేస్తాయి. కొన్నింటికి ఆ వాసన తగిలీ తగిలీ మీసాలు మొద్దుబారి, పక్కనే ఉన్న ఆడదాన్ని కూడా పసిగట్టలేవు. జత కుదరకపోతే పిల్లనిచ్చే గుడ్లు ఉండవు, కుదరడం ఆలస్యమైనా గుడ్లు తగ్గుతాయి. అంతేగానీ ఈ పద్ధతిలో ఒక్క పురుగూ చావదు. "గొట్టాలు కట్టాం కదా, పురుగులు ఇంకా ఎగురుతున్నాయేంటి?" అని సీజనంతా ఫోన్లు వచ్చాయి కాబట్టి ఈ మాట మళ్లీ రాస్తున్నాను.

శిక్షణ రోజున ఒకాయన ఈ వాసన మనుషులకెందుకు తెలియదని అడిగారు. పురుగుకు చాలినంత వాసన మన ముక్కుకు లెక్కలోకే రాదు. 1959లో అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం పట్టుపురుగు ఫెరోమోన్‌ను మొట్టమొదటిసారి వేరుచేసినప్పుడు, సుమారు 5 లక్షల ఆడ పురుగుల గ్రంథులు పోగేస్తే చేతికొచ్చింది కొన్ని మిల్లీగ్రాములే. మన కోడ్లింగ్ మాత్ వాసనను 1971లో వెండెల్ రోలోఫ్స్ బృందం గుర్తించింది. దాని పేరు కోడ్లిమోన్. గొట్టాల్లో నింపి వచ్చేది దాన్నే.

ఇక తోటల్లో జరిగింది. గొట్టం రకాన్ని బట్టి హెక్టారుకు 400 నుంచి 1000 దాకా కట్టాలి. తొలి పురుగులు ఎగరకముందే ఆ పని అయిపోవాలి. చాలామంది ఇంటిల్లిపాదీ దిగి టైముకే పూర్తిచేశారు. గొట్టం చూడ్డానికి జానెడు ప్లాస్టిక్ పుల్లలా ఉంటుంది, లోపల పక్కనే సన్నని తీగ. కొమ్మకు చుట్టి ఒక మెలిక పెడితే చాలు. లేత కొమ్మకు బిగించి కట్టిన చోట, కొమ్మ లావెక్కేసరికి బెరడులోకి దిగబడిపోయిన గొట్టాలు నేనే కొన్ని కోసి తీయాల్సి వచ్చింది. వేలు దూరేంత వదులుగా చుట్టండి.

అంతకంటే పెద్ద తప్పు ఎత్తు దగ్గర జరిగింది. ఈ పురుగులు ఎక్కువగా చెట్టు పైభాగంలోనే జతకడతాయి. గొట్టం ఉండాల్సింది కూడా గుబురు పై మూడో వంతులో. నిచ్చెన ఎక్కడం బద్ధకమై కొందరు చేతికందిన కొమ్మకే కట్టేశారు. ఆ వరుసల్లో కింది కాయ శుభ్రంగా ఉంది, తలమీది కాయ పుచ్చింది. పేర్లు రాయను, ఎవరి వరుసలో వాళ్లకు తెలుసు.

ఇప్పుడు నా తప్పు. పురుగు ఉనికి చూడటానికి ఎప్పటిలాగే లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసనను ఎరగా పెట్టి మగ పురుగును పట్టే బుట్టలు, పెట్టించాను. వారం వారం తిరిగి చూస్తే రిజిస్టర్‌లో వరుసగా సున్నాలే. నాకు టెన్షన్ పోయింది, పోయిందని మీకూ చెప్పాను. రెండో తరం పురుగు ఎగిరాక ఒక రోజు సరిహద్దు వరుసలో కాయ తిప్పి చూస్తే, కింది మొన దగ్గర రంపప్పొట్టు లాంటి గోధుమరంగు పిప్పి. కోశాను. సొరంగం సూటిగా గింజల గది దాకా ఉంది. లోపల గోధుమ తల, లేత గులాబీ ఒళ్లు ఉన్న పురుగు ఒక గింజను సగం తినేసి ఉంది. ఆ కాయ పండిన చెట్టుకు నాలుగు చెట్ల అవతల వేలాడుతున్న బుట్టలో సున్నా!

కారణం తర్వాత తెలిసింది. బుట్టలో పెట్టిన మామూలు ఎరలో 1 మిల్లీగ్రాము కోడ్లిమోన్ ఉంటుంది. తోటంతా అదే వాసన నింపి, అందులో ఆ చిన్న ఎర పెడితే మగ పురుగుకు అదెక్కడ దొరుకుతుంది? ఆడదాన్ని కనుక్కోలేని పురుగు బుట్టనూ కనుక్కోలేదు. గొట్టాలు కట్టిన తోటలో 10 మిల్లీగ్రాముల ఎర పెట్టాలి. లేదంటే పండిన బేరి కాయ వాసన ఇచ్చే పేర్ ఎస్టర్ కలిపిన ఎర, ఇది ఆడ పురుగునూ లాగుతుంది. ఎర ఏదైనా, కాయ చూడకుండా బుట్టను మాత్రమే చూసి నిశ్చింతగా కూర్చోకూడదు. ఇకపై ప్రతి బ్లాకులో పై కొమ్మల కాయ తిప్పి చూసి రిజిస్టర్‌లో రాయాలని కమిటీ నిర్ణయించింది.

సరిహద్దు వరుసలే ఎందుకు దెబ్బతిన్నాయంటే, బయట జతకట్టుకుని వచ్చిన ఆడ పురుగును ఏ వాసనా ఆపలేదు. అది నేరుగా వచ్చి కాయ మీదో పక్క ఆకు మీదో ఒక్కో గుడ్డు పెట్టి పోతుంది. మన పక్కనే పట్టించుకునేవారు లేని పాత చెట్లు ఉన్నాయి. ఆ తోట యజమానిని తిట్టుకోవడం సులభమే గానీ, ఆయన్ని కలిసి మాట్లాడాలన్న ఆలోచన కమిటీలో ఎవరికీ రాలేదు. 4 హెక్టార్ల కంటే చిన్న తోటలో ఒక్కరే ఈ పని చేస్తే ఫలితం అంతంత మాత్రం. అన్నీ ఆనుకుని ఉన్న తోటలు కలిస్తేనే అంచు తగ్గి నడిమి భాగం పెరుగుతుంది. షెడ్ల దగ్గర పేర్చిన పాత చెక్క పెట్టెల సందుల్లోనూ పురుగు గూడు కట్టుకుని చలికాలం గడుపుతుంది. అవి మనవే.

పురుగు ముందే ఎక్కువగా ఉన్న తోటల్లో మొదటి ఏడాది గొట్టాలతో పాటు మందు కూడా తప్పదు. బుట్టలో పురుగు నిలకడగా పడటం మొదలైన రోజు నుంచి, 10 డిగ్రీలకు పైనున్న వేడిని రోజూ కూడుకుంటూ పోతే సుమారు 140 డిగ్రీ-రోజులకు గుడ్లు పగలడం మొదలవుతుంది. ఆ లెక్క వేసుకుని కొట్టినవాళ్లు తక్కువ మందుతో గట్టెక్కారు.

మందు తగ్గాక పేనుబంక వచ్చింది, దాని వెనకే అక్షింతల పురుగులూ వచ్చి చాలా చోట్ల దాన్ని సర్దాయి. ఆకుచుట్టు పురుగు మాత్రం కొత్త తలనొప్పి. కోడ్లిమోన్ దానికి పనిచేయదు, దాని వాసన వేరు.

వచ్చే సీజన్‌కు మూడు పనులు ఒప్పుకున్నాం. సరిహద్దు వరుసల్లో గొట్టాలు దట్టంగా కట్టాలి. కాండాలకు గరుకు అట్ట పట్టీలు చుట్టి, అందులో దాక్కున్న పురుగులతో సహా తీసి కాల్చేయాలి. పాత చెట్ల యజమానిని కోశాధికారి, నేను వెళ్లి కలవాలి. చెట్లు తీసేయడానికి ఆయన ఒప్పుకోకపోతే కనీసం కాయ రాల్చడానికైనా అనుమతి అడుగుతాం.

సంఘం నిచ్చెనల్లో రెండు విరిగాయి. బాగు చేయించేలోపు గొట్టాలు కట్టే రోజులు వచ్చేస్తే, ఇంట్లో నిచ్చెన ఉన్నవాళ్లు తెచ్చుకోండి.

కార్యదర్శి