41 మార్కులు కాదురా!

పర్లాకిమిడి

ఒరేయ్,

నీ ఫోను వచ్చిన రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. మనవరాలికి జబ్బు చేసినట్టే మాట్లాడావు మరి. పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని, నువ్వు పంపిన ఫొటోను, అదే అమెరికాలో కేథలిక్ బడిలో నాలుగో తరగతి చదువుతున్న పాప పరీక్ష ఫలితాల కాగితాన్ని, పెద్దది చేసి చూశాను. తీరా చూస్తే మీ ఇంట్లో ఏడుపూ అనవసరమే, గొప్పా అనవసరమే.

ముందు ఏడుపు సంగతి. చదవడంలో 41 అన్నది నూటికి వచ్చిన మార్కులు కాదురా, పర్సంటైల్. అమెరికా అంతటి నాలుగో తరగతి పిల్లల్లోంచి వందమందిని వరసగా నిలబెడితే, సుమారు నలభైమంది పాపకు వెనక ఉంటారని అర్థం. ఎన్ని ప్రశ్నలకు సరిగ్గా రాసిందో ఆ అంకె చెప్పదు. 2019 నుంచి జేఈఈ మెయిన్ ఫలితాలు ఇలాగే ఇస్తున్నారు కదా, అయినా మా ఎదురింటాయన కొడుక్కి 84 పర్సంటైల్ వస్తే నూటికి ఎనభై నాలుగనుకుని వీధంతా లడ్డూలు పంచాడు. నేనూ రెండు తిన్నాను. తిన్నాక చెప్పబుద్ధి కాలేదు.

ఇంకో కిటుకుంది. వరస మధ్యలో పిల్లలు కిక్కిరిసి ఉంటారు. అక్కడ రెండు మూడు ప్రశ్నలు అటూ ఇటూ అయినా అంకె చాలా జారుతుంది. చివర్లలో జనం పలచన, అంతగా కదలదు. అందుకే 41 చుట్టూ ఆ బూడిదరంగు పట్టీ గీశారు. పాప మళ్లీ రాస్తే దాదాపు ఆ పట్టీలోనే ఎక్కడో పడుతుందని. పక్కనున్న 5 స్టేనైన్. మొత్తం తొమ్మిది మెట్లు, నాలుగు నుంచి ఆరు దాకా నడిమివి, సగానికి పైగా పిల్లలు వాటి మీదే ఉంటారు. పాప నట్టనడుమ కూర్చుని ఉంటే మీ కోడలు ట్యూషన్ వెతుకుతోంది!

ఇక గొప్ప. లెక్కల్లో గ్రేడ్ ఈక్వివలెంట్ 5.6, అంటే అయిదో తరగతి ఆరో నెల, అని చూసి మీవాడు పై క్లాసుకు మార్చమని అడుగుతాడా? ఆగమను. ఈ నాలుగో తరగతి పరీక్షనే అయిదో తరగతిలో ఆరో నెల చదువుతున్న సగటు పిల్లవాడు రాస్తే ఎంత వస్తుందో, పాపకు అంత వచ్చింది. అయిదో తరగతి లెక్కలు దాన్ని ఎవరూ అడగలేదు. పాప లెక్కల్లో గట్టిదే, 84 పర్సంటైల్ ఊరికే రాదు. సంతోషించండి, క్లాసు మాత్రం మార్చకండి.

నేనిక్కడ సిస్టర్ల బడిలో చేరిన కొత్తలో ఒక సవర పిల్ల ఉండేది. కొండ మీది ఊరు. ఇంట్లో సవర, బజార్లో తెలుగూ ఒడియా, బడిలో ఇంగ్లీషు. అయిదు మామిడిపళ్లలో మూడు తింటే ఎన్ని లెఫ్ట్ అని పరీక్షలో అడిగాను. కాగితం ఎడమవైపు రెండు మామిడిపళ్లు బొమ్మ వేసింది, ముచ్చికలతో సహా. నేను సున్నా పెట్టాను! సిస్టర్ గారు ఆ కాగితం నా ముందు పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. రెండు అన్నది సరైన జవాబే కదరా, పిల్లకు రానిది ఒక్క మాట. ఆ పళ్లు నాకిప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

మీ పాప అక్కడికి వెళ్లి రెండేళ్లేగా. టీచరును కలిసినప్పుడు మూడు విషయాలు అడగమను. తగ్గింది పదాల దగ్గరా, కథ చదివి అర్థం చేసుకోవడం దగ్గరా? పోల్చింది దేశం మొత్తం పిల్లలతోనా, ఒక్క కేథలిక్ బడుల పిల్లలతోనా? కొన్ని పరీక్షల్లో రెండు పోలికలూ ఇస్తారు, రెండో గుంపులో అదే పిల్ల ఇంకో మెట్టు మీద కనిపించవచ్చు. నిరుడు ఇదే పరీక్ష రాసి ఉంటే ఆ కాగితం ఏది?

నువ్వు మొదటి పేజీ ఒక్కటే పంపావు. విడివిడి అంశాలు రెండో పేజీలో ఉంటాయి, వెలుతురులో పెట్టి ఫొటో తీసి పంపు. నీ వేలు అడ్డం పెట్టకుండా.

నీ
లెక్కల మాస్టారు