సివిల్ విద్యార్థిని నిజంగా సైటుకు పంపండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈఏపీసెట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, నిర్మాణ రంగంలో ఉన్న నాబోటి వాళ్లకు ఫోన్లు మొదలవుతాయి. "మావాడికి సివిల్‌లో సీటు వచ్చేలా ఉంది, చేర్చమంటారా? అప్పో సప్పో చేసి కంప్యూటర్స్‌లో వేసెయ్యమంటారా?" అని. నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్, బిల్లింగ్ పనులు చూస్తాను. అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను: పిల్లలకు ఇష్టముంటే నిశ్చింతగా సివిల్‌లో చేర్చండి, తర్వాత కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదివించండి. అయితే చేర్చే ముందు ఆ కాలేజీ పిల్లల్ని నిజంగా సైటుకు పంపుతుందో లేదో కనుక్కోండి. ఈ ఆఖరి మాట గురించే ఈ ఉత్తరం.

ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. కాలేజీలు సివిల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ కోర్సులు పెంచుకుంటున్నాయి. ఇంకోపక్క 2025 మే నెలలో అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి, పోలవరం నడుస్తోంది, రోడ్లూ వంతెనలూ పడుతున్నాయి. కట్టాల్సింది పెరుగుతున్న కాలంలో కట్టించేవాళ్లను తయారుచేసే చదువును మనమే చిన్నచూపు చూస్తున్నాం.

స్లాబు ఎంత మందం ఉండాలో, అందులో ఎంత ఇనుము పడాలో సివిల్ డిగ్రీ నేర్పుతుంది. ఆ స్లాబు ఏ తేదీన వేయాలి, సెంట్రింగ్ సామాను ఎక్కణ్ణుంచి రావాలి, కాంక్రీటు బండ్లు ఎన్ని గంటలకు బయలుదేరాలి, బిల్లు ఎప్పుడు పెట్టాలి, పైనుంచి మనిషి పడితే బాధ్యత ఎవరిది అన్నవి కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ కిందికి వస్తాయి. ఒక్క ఉదాహరణ. ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబు కింద జాకీలు (స్లాబును మోసే తాత్కాలిక ఊతాలు) మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, అంతకు మించిన స్లాబుకు 14 రోజులు ఉంచాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. పరీక్షలో ఈ అంకె రాయని విద్యార్థి ఉండడు. సైటులో ఏమవుతుంది? పైఅంతస్తుకు అవే జాకీలు కావాలి. సామానుకు రోజూ అద్దె పడుతోంది. శుక్రవారం కాంక్రీటు వేయకపోతే కూలీలు ఇంకో సైటుకు వెళ్లిపోతారు. "ఐదు రోజులైంది కదా సార్, విప్పేద్దాం" అంటాడు సెంట్రింగ్ మేస్త్రీ. అప్పుడు కుదరదని చెప్పగలగాలి. చెప్పి ఊరుకుంటే చాలదు, రెండో సెట్టు సామాను ముందే లెక్కవేసి తెప్పించి ఉండాలి. ఆ ముందుచూపు క్లాసు రూములో రాదు.

వరసక్రమం తప్పితే ఎంత నష్టమో పోలవరం చూపించింది. పని జరిగేచోటికి నీళ్లు రాకుండా ఆపే తాత్కాలిక కట్ట, అంటే ఎగువ కాఫర్ డ్యాం, పూర్తిగా మూసుకోకముందే గోదావరి వరదలు వచ్చాయి, అప్పటికే కట్టి ఉన్న డయాఫ్రం వాల్ (డ్యాం అడుగున నీటి ఊటను ఆపే భూగర్భ గోడ) దెబ్బతింది, 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టాల్సి వచ్చింది. తప్పు ఎవరిదన్న రాజకీయ వాదన నాకు అక్కర్లేదు. ఏ పని తర్వాత ఏ పని, వరదకాలం లోపు ఏది ముగియాలి అన్న ప్రశ్నకు ఎంత విలువుందో ప్రతి సివిల్ విద్యార్థికీ అక్కడికి తీసుకెళ్లి చూపించాలి.

ఈ చదువు ఎక్కడ దొరుకుతుందో కూడా చాలామందికి తెలియదు. నిర్మాణ నిర్వహణ చదువుకే 1983లో మొదలైన నిక్‌మార్ సంస్థకు హైదరాబాద్ శివారు శామీర్‌పేట దగ్గర క్యాంపస్ ఉంది. మద్రాస్, ఢిల్లీ ఐఐటీల్లో ఎంటెక్ ఉంది. ఎంపికైన విద్యార్థులను ఎల్ అండ్ టీ స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ ఈ ఎంటెక్ చదివిస్తుంది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనూ దీనికి దగ్గరి పీజీ కోర్సు ఉంది. అమెరికా వెళ్లి చదవాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: ఒక్కో యూనివర్సిటీ ఈ కోర్సును ఒక్కో వర్గీకరణ కోడ్ కింద పెడుతుంది. చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే ఏడాది ఓపీటీ తర్వాత అదనపు 24 నెలలు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోడ్‌కే వస్తాయి. అప్పు తీసుకోకముందే యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగండి.

ఉద్యోగాల విషయానికొస్తే, సివిల్ అంటే ఎండలో నిలబడే సైటు ఇంజినీరు ఒక్కడే తల్లిదండ్రుల కళ్ల ముందు మెదులుతాడు. ప్రైమావెరా సాఫ్ట్‌వేర్‌లో షెడ్యూలు నడిపే ప్లానింగ్ ఇంజినీరు, డ్రాయింగు చూసి పరిమాణాలూ ఖర్చూ తేల్చే క్వాంటిటీ సర్వేయరు, సేఫ్టీ ఆఫీసరు, కాంట్రాక్టు క్లెయిములు చూసేవాళ్లు, హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ భవనాలకు బిమ్ మోడళ్లు (భవనం వివరాలన్నీ ఉండే కంప్యూటర్ నమూనాలు) చేసేవాళ్లు, ఇలా చాలా దారులున్నాయి. గల్ఫ్‌లో క్వాంటిటీ సర్వేయర్లకు ఎప్పటినుంచో గిరాకీ ఉంది. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే 2016 రెరా చట్టం ఇంకో తలుపు తీసింది. కొనుగోలుదారుల నుంచి వసూలైన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి, పని ఎంతవరకు అయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరిస్తేనే బిల్డరు దాన్ని తీయగలడు. ఇల్లు అప్పగించాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే సొంత ఖర్చుతో సరిచేయాలి. అంటే సరైన కొలత, సరైన రికార్డు పెట్టే మనిషి ప్రతి బిల్డరుకూ అవసరమే.

కష్టాలు దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. మొదటి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుడి కంటే తక్కువే ఉంటుంది. ఆదివారం సెలవు ఖాయం కాదు. చిన్న కాంట్రాక్టర్ల దగ్గర జీతం నెలలు ఆలస్యమవుతుంది. ఆడపిల్లలకైతే చాలా సైట్లలో మరుగుదొడ్డి కూడా ఉండదు. అందుకే తెలివైన అమ్మాయిలు ఆఫీసు బిల్లింగ్ దగ్గరే ఆగిపోవడం చూస్తున్నాను, బాధేస్తుంది. అయినా సైటు తెలిసి, లెక్కా కాంట్రాక్టూ తెలిసిన ఇంజినీరు కోసం కంపెనీలు వెతుక్కుంటున్న మాట నిజం.

అలాంటి ఇంజినీరు ఎందుకు అరుదో నేను పనిచేసిన ఒక ప్రభుత్వ భవనం దగ్గర తెలిసింది. డ్రాయింగులు ఆలస్యంగా వచ్చాయి, వానలకు పని ఆగింది, కొన్నాళ్లు ఇసుక దొరకలేదు. ఇవన్నీ ఏ రోజుకారోజు హిండ్రెన్స్ (ఆటంకాల) రిజిస్టరులో రాసి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి సంతకం తీసుకోవాలి. ఆ పని అప్పగించిన కుర్రాడు డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడే, కానీ ఆ రిజిస్టరు పేరే వినలేదు. సంతకాలు లేవు. గడువు పెంచమని అడిగేనాటికి చేతిలో రుజువు లేక జరిమానా పడింది. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. నాలుగేళ్లలో ఒక్క రోజైనా వాడికి ఎవరూ ఎం.బుక్కు (పని కొలతలు రాసే పుస్తకం) తెరిచి చూపించలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆర్20 అనే పాఠ్య నిబంధనల ప్రకారం బీటెక్ చివరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్‌కూ ప్రాజెక్టుకూ కేటాయించారు. మంచి ఆలోచన. ఆచరణలో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. డబ్బు కడితే సర్టిఫికెట్ ఇంటికి వస్తోంది, పిల్లవాడు ఆ నెలలు ఉద్యోగ పరీక్షల కోచింగుకో, కోడింగు కోర్సుకో వెళ్తున్నాడు. తనిఖీ చేసేవాళ్లు లేరు. చేర్చుకుందామంటే కంపెనీలకూ ఆసక్తి లేదు, పిల్లవాడికి దెబ్బ తగిలితే ఎవరు చూస్తారని భయం.

కనుక ఉభయ రాష్ట్ర ప్రభుత్వాలకూ, ఉన్నత విద్యామండళ్లకూ నా విన్నపం ఇది. పెద్ద ప్రభుత్వ పనుల టెండరు పత్రంలోనే ఒక షరతు పెట్టండి: పని జరిగినన్నాళ్లూ ప్రతి సెమిస్టరుకూ ఇంతమంది సివిల్ విద్యార్థులను కాంట్రాక్టరు చేర్చుకోవాలి, హెల్మెటు, బీమా, వసతి, అమ్మాయిలకు వేరే మరుగుదొడ్డి కల్పించాలి. విద్యార్థి తిరిగొచ్చేటప్పుడు తను రాసిన రోజువారీ రిపోర్టులు, తను కొలిచి తయారుచేసిన ఒక రన్నింగ్ బిల్లు (అప్పటిదాకా అయిన పనికి పెట్టే బిల్లు), తన కళ్ల ముందు జరిగిన క్యూబు టెస్టుల (కాంక్రీటు బలం పరీక్షల) ఫలితాలు తెచ్చి వైవాలో పెట్టాలి. ఇలాంటివి డబ్బిచ్చి కొనుక్కోవడం కష్టం. డిగ్రీ అయినవాళ్లను అప్రెంటిస్‌గా పెట్టుకుంటే నిర్ణీత కనీస స్టైపెండులో సగం నాట్స్ అనే అప్రెంటిస్‌షిప్ పథకం కింద కేంద్రమే ఇస్తుంది, దాన్నీ ఈ షరతుకు జోడించవచ్చు. తెలంగాణకు హైదరాబాద్‌లో న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఉంది. 1998 నుంచి మేస్త్రీలకూ ఇంజినీర్లకూ శిక్షణ ఇస్తున్న ఆ సంస్థకు ఈ విద్యార్థుల పర్యవేక్షణ అప్పగించవచ్చు.

అమరావతిలో ఇంకా టెండర్లు పిలవాల్సిన పనులున్నాయి. వచ్చే టెండరు పత్రంలోనే ఈ షరతు చేర్చమని, కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు ఏ కాలేజీ పిల్లలు ఏ సైటుకు వెళ్తారో జాబితా ప్రకటించమని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక బిల్లింగ్ ఇంజినీరు,
గుంటూరు