మంత్రి గారూ, ఆ ఒక్క అంకెనే నమ్మకండి

ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తాను. ఏటా మీ శాఖ పంపే పట్టికలో రెండు గడులు నింపే పని నాది. మావాళ్లు ఎన్ని పేపర్లు ప్రచురించారు, వాటికి మొత్తం ఎన్ని సైటేషన్లు వచ్చాయి, అంటే వేరే పేపర్లలో వాటిని ఎన్నిసార్లు ఉదహరించారు. ఆ రెండో గడి చూసి నిధులు తేలుస్తున్నారు కాబట్టి ఈ ఉత్తరం అందరి ముందూ రాస్తున్నాను.

సైటేషన్లు లెక్కగట్టే డేటాబేస్‌లు ఒకటికి మించి ఉన్నాయి. ఆ అంకె స్కోపస్‌లో తీస్తే ఒకటి వస్తుంది, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఇంకొకటి. గూగుల్ స్కాలర్‌లో సాధారణంగా అన్నిటికన్నా పెద్దది. ఏదీ అబద్ధం కాదు, ఒక్కొక్కరు లెక్కలోకి తీసుకునే జర్నళ్లు వేరు. పైగా మా సంస్థ పేరును మావాళ్లే రకరకాల స్పెల్లింగులతో రాస్తారు. అవన్నీ వెతికి ఒకచోట చేర్చడానికి నాకు వారాలు పడుతుంది. ఒక ఏడాది తీరిక లేక చేర్చలేదు. ఆ ఏడాది మా పరిశోధన పడిపోయిందని సంజాయిషీ అడిగారు!

ఇది చిన్న తలనొప్పి. పెద్దది వేరే ఉంది. 2008లో ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ అనే జర్నల్‌లో షెల్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్ గురించి ఒక వ్యాసం వచ్చింది. స్ఫటికాల నిర్మాణం తేల్చేవాళ్లలో ఎందరో ఆ సాఫ్ట్‌వేరే వాడతారు, వాడినప్పుడల్లా ఆ వ్యాసాన్ని ఉదహరించారు. అప్పటిదాకా 2 దగ్గరున్న ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (దాని ఇటీవలి వ్యాసాలకు సగటున వచ్చిన సైటేషన్లు) 2009లో 49 దాటింది. అందులో మిగతా వ్యాసాలు రాసినవాళ్లు రాత్రికి రాత్రి మేధావులైపోలేదు కదా. సంస్థల సగటూ ఇంతే, ఒక్క పేపర్ చాలు తలకిందులు కావడానికి.

2015లో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద వచ్చిన పేపర్‌కి 5,154 మంది రచయితలు. వారిలో ఒక్కరున్న సంస్థ ఖాతాలోనూ ఆ సైటేషన్లన్నీ పడిపోతాయి. గణితంలో ఓపిగ్గా ఏళ్ల తరబడి పనిచేసిన చిన్న విభాగం వాటి పక్కన సున్నాలా కనిపిస్తుంది. గణితంలో ఉదహరింపులు తక్కువ, అవీ నెమ్మదిగా వస్తాయి. వైద్య పరిశోధనతో దానికి పోటీ ఏమిటి?

ఇంకొకటి, సైటేషన్ అంటే మెచ్చుకోలు అనుకోకండి. టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ వైద్య జర్నల్ పేపర్‌ని 2010లో ఉపసంహరించారు. దానికి వెయ్యికి పైగా సైటేషన్లున్నాయి, ఎక్కువ భాగం తప్పుపడుతూ రాసినవే. మీ గడిలో అవీ ప్లస్సే.

లెక్కలే వద్దనడం లేదు, నా ఉద్యోగమే అది. ప్రతి పేపర్‌నీ అదే రంగంలో అదే ఏడాది వచ్చిన పేపర్ల ప్రపంచ సగటుతో పోల్చమనండి. ఉమ్మడి పేపర్లలో సంస్థ వాటా ఎంతో అంతే ఇవ్వండి. సగటు బదులు, తమ రంగంలో ఎక్కువ సైటేషన్లు పొందిన మొదటి 10 శాతంలో ఎన్ని ఉన్నాయో అడగండి. సొంత సైటేషన్లు, అంటే తమ పేపర్లను తామే ఉదహరించుకున్నవి, విడిగా చూపించమనండి. ఆపైన ప్రతి సంస్థ నుంచీ అయిదు పేపర్లు తెప్పించి ఆ రంగం తెలిసినవాళ్లతో చదివించండి. అంకెలు నిపుణుల అంచనాకు తోడుండాలే తప్ప దాని స్థానంలో కూర్చోకూడదని 2015లో లైడెన్ మేనిఫెస్టో (పరిశోధన కొలమానాలపై నిపుణులు రాసిన సూత్రాలు) చెప్పిందీ ఇదే. చదివించడం ఖరీదైన పనే, ఒప్పుకుంటాను. ఏటా కాకపోయినా అయిదేళ్లకోసారి చేయించండి.

ఈసారి రెండో గడిలో అంకె పక్కన డేటాబేస్ పేరు, తీసిన తేదీ కూడా రాసి పంపుతున్నాను. ఫారం తప్పుగా నింపారని వెనక్కి పంపకండి.

ఇట్లు,
ఒక గ్రంథాలయ ఉద్యోగి