మూతిలోంచి దూసుకొచ్చే కత్తి: చిన్నాన్నకి ఉత్తరం

హ్యూస్టన్

చిన్నాన్నకి నమస్కారాలు. పిన్నినీ పిల్లలనీ అడిగానని చెప్పు.

ఓడ పనికెళ్లొచ్చిన అతను బాగుచెయ్యమని నీ షాపులో ఇచ్చిన కత్తి ఫొటోలు, నువ్వు వాట్సాప్‌లో పంపినవి చూశాను. దాన్ని ఓటీఎఫ్ (అవుట్ ద ఫ్రంట్) కత్తి అంటారు. మడతకత్తిలాగ పక్కనుంచి తిరిగి రాదు, పిడి మూతిలోంచి తిన్నగా ముందుకి వస్తుంది. ఓడ పనికెళ్లినోళ్లు ఇలాంటివి తెచ్చుకోవడం మామూలే. ఫోన్లో చెప్తే సగం చెవిన పడదు, షాపులో పక్కన పెట్టుకుని చూసుకోడానికి ఉంటుందని ఇలాగ రాస్తున్నాను. స్క్రూల జోలికి వెళ్లేముందు మొత్తం ఒకసారి చదువు. ఇలాంటివి చాలావరకు విప్పకుండానే బాగవుతాయి.

ముందు అది ఏ రకమో తేల్చుకోవాలి. పిడి మీద ఒక్కటే జారుడు మీట ఉండి, ముందుకి తోస్తే కత్తి బయటికి, వెనక్కి లాగితే లోపలికి పోయేది డబుల్ యాక్షన్. బయటికి రావడానికి ఒక బటన్, లోపలికి పంపడానికి చేత్తో లాగే వేరే మీట ఉంటే అది సింగిల్ యాక్షన్. ఫొటోలో ఉన్నది డబుల్ యాక్షనే. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, సింగిల్ యాక్షన్‌లో కత్తి లోపలున్నంతసేపూ స్ప్రింగు పూర్తి బిగువులో ఉంటుంది. అలాంటిది ఎప్పుడైనా నీ దగ్గరికొస్తే కత్తిని బయటికి వదిలాకే విప్పాలి, లేకపోతే ముఖం మీదకి ఎగురుతుంది. డబుల్ యాక్షన్‌లో కత్తి లోపలున్నా బయటున్నా స్ప్రింగు దాదాపు వదులుగానే ఉంటుంది. దానికి బలం వచ్చేది మీట తోసే బొటనవేలి నుంచే.

లోపల ఏముందంటే, అల్యూమినియం పిడి రెండు చెక్కలు, అంటే రెండు సగాలు, వాటి మధ్య తొలిచిన గాడి, గాడిలో కత్తి. మీటకి తగిలించిన పొడవాటి పట్టీ ఒకటి కత్తి పక్కనే జారుతుంది. ఆ పట్టీకి ముందొకటి వెనకొకటి రెండు కొక్కేలు, వాటి మధ్య సాగే స్ప్రింగు. కత్తి తోకకి గంట్లు కోసి ఉంటాయి. ఆ గంట్లలో పడే గొళ్లేలు రెండు. ఒకటి కత్తి లోపలున్నప్పుడు పట్టుకునేది, రెండోది బయటున్నప్పుడు పట్టుకునేది. ఒక్కో గొళ్లేన్ని వెనకనుంచి ఒక సన్న స్ప్రింగు నెడుతూ ఉంటుంది. కంపెనీని బట్టి ఆకారాలు మారతాయి గానీ పని ఇదే.

మీట ముందుకి తోస్తే కత్తి వెంటనే కదలదు, వెనక గొళ్లెం పట్టుకుని ఉంటుంది కదా. ముందు కొక్కెం పట్టీతోపాటు ముందుకి పోతుంది. వెనక కొక్కెం కత్తి తోకకి తగిలి ఉండిపోతుంది. మధ్యలో స్ప్రింగు సాగుతుంది. నీ వేలికి బరువుగా తగిలేది ఆ సాగుడే. మీట చివరికంటా వచ్చేసరికి పట్టీ మీదున్న వాలు గొళ్లేన్ని నొక్కి గంటులోంచి తప్పిస్తుంది. స్ప్రింగు ముడుచుకుంటూ వెనక కొక్కేన్నీ దాంతో కత్తినీ ముందుకి లాగేస్తుంది. అయితే స్ప్రింగు లాగేది మొదటి కొంత దూరమే. మిగతాదంతా కత్తి తన ఊపు మీదే పోతుంది, ఉండేలు లోంచి వదిలిన రాయిలాగ. ఆ ఊపుతో చివరికి చేరితే ముందు గొళ్లెం టక్కున గంటులో పడుతుంది. వెనక్కి లాగినప్పుడూ ఇదే వరస, దిక్కు మారుతుంది అంతే.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. మీట మెల్లగా తోసినా విసురుగా తోసినా కత్తి వేగం ఒకటే, ఎందుకంటే స్ప్రింగు ప్రతిసారీ ఒకే దూరం సాగాక వదులుతుంది. కాబట్టి గట్టిగా కొడితే బాగా వస్తుందనుకుని మీటని బాదక్కర్లేదు. రెండోది, ఊపు కొద్దిదే కాబట్టి దార్లో చిన్న అడ్డు వచ్చినా కత్తి గొళ్లెం దాకా చేరదు. నీ దగ్గరున్న దానికి పట్టింది ఇదే.

సగంలో ఆగి లూజుగా ఆడుతోందన్నావు. అది విరిగిపోవడం కాదు, కొక్కెం నుంచి విడిపోయి రెండు గొళ్లేల మధ్యా ఉండిపోయింది. ఏదైనా తగిలితే ఇలాగే విడిపోతుంది. అలాగని చెయ్యి అడ్డం పెట్టి చూడకు, మొన దిగడానికి ఆ ఊపు చాలు. సరిచెయ్యడం తేలికే. మీట ముందుకి ఉన్న స్థితిలో ఆగితే, మీటని అక్కడే ఉంచి, కత్తి చదును ముఖాలని తోలుముక్క చుట్టిన ప్లయర్‌తో పట్టుకుని తిన్నగా ముందుకి లాగు. ఫొటోలోది రెండు వైపులా పదునున్న కత్తి, అంచుల మీద వేళ్లు పెట్టకు. టక్ అని పడితే గొళ్లెం పట్టినట్టే. మీట వెనక్కి ఉండగా ఆగితే మొనని మెత్తటి చెక్కకి ఆనించి నెమ్మదిగా లోపలికి నెట్టు. ఆ తర్వాత మీట మామూలుగా పనిచెయ్యాలి.

కానీ కారణం తియ్యకపోతే రేపు మళ్లీ ఆగుతుంది. కళింగపట్నం బీచిలో వాడాడన్నావు. మన తీరం ఇసుక మామూలు ఇసుక కాదు చిన్నాన్నా. అందులో ఇల్మనైటు, గార్నెట్టు ఉన్నాయి. ఇక్కడి వర్క్‌షాపుల్లో నీటి ధారతో ఉక్కు పలకలు కోసే మిషన్లలో నీళ్లతో కలిపి కొట్టేది ఆ గార్నెట్టునే. అలాంటి రేణువు గాడిలో ఉండగా కత్తిని లోపలికీ బయటికీ ఆడిస్తే అల్యూమినియం మీది ఆనొడైజింగు పొర గీసుకుపోతుంది, గొళ్లెం అంచులు అరుగుతాయి. అందుకే శుభ్రం చేసేదాకా మీటతో ఆడించి చూడొద్దు, పిల్లలకి అసలు ఇవ్వొద్దు.

కత్తిని చేత్తో బయటికి లాగి గొళ్లెం పడ్డాక, మొన కిందికి పెట్టి, మూతిలోంచీ మీట గాడిలోంచీ కంప్రెసర్ గాలి కొట్టు. 2 నుంచి 3 బార్ చాలు, లారీ టైరుకి కొట్టినంత గట్టిగా కొడితే ఇసుక ఇంకా లోపలి మూలల్లోకి పోతుంది. కళ్లద్దాలు పెట్టుకో. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు కావాలి. సెల్‌ఫోన్ రిపేరు కుర్రాళ్లు బోర్డులు కడిగేది అదే, ఐపీఏ అని అడుగు. నీళ్లు తక్కువున్నది, 99 శాతంది అయితే మంచిది. సూది తీసేసిన సిరంజితో 5 మి.లీ. మూతిలో, 5 మి.లీ. మీట గాడిలో పోసి, రెండు నిమిషాలు అటూ ఇటూ వంచి, తెల్లగుడ్డ మీద ఒంపు. గుడ్డ మీద ఏం పడిందో వేలితో రాసి చూడు. నల్లటి జిడ్డు వేరు, గరగరలాడే రేణువు వేరు. గరగర పోయేదాకా ఇలాగే కడగాలి. గరగర పోయాకే మీటతో పది పదిహేనుసార్లు ఆడించి, ఇంకోసారి కడుగు. ఆడించేటప్పుడు మొన ముందు మనిషి ఉండకూడదు. పక్కన వెల్డింగు గానీ బీడీ గానీ వద్దు, ఆ ఆవిరి అంటుకుంటుంది.

కిరసనాయిలు, డీజిలు పోస్తానంటావేమో, వద్దు. అవి ఆరాక జిడ్డు పొర మిగులుతుంది, దానికి దుమ్ము అతుక్కుంటుంది. థిన్నరు కూడా వద్దు, కొన్నిట్లో లోపల ప్లాస్టిక్ ముక్కలుంటాయి. కడిగాక ఫ్యాను కింద గంటసేపు ఆరనివ్వు.

ఆరాక ఏ నూనే వెయ్యకుండా ఒకసారి పని చూడు. మొన కిందికి పెట్టి, అడ్డంగా పెట్టి, పైకి పెట్టి వదులు. కిందికి బాగా వచ్చి పైకి మాత్రం ఆగిపోతే ఊపు చాలడం లేదు, అంటే ఇంకా ఎక్కడో రాపిడి ఉంది, లేదా స్ప్రింగు అలిసింది. ఎటు పెట్టినా ఒక్కటే చోట ఆగితే గాడిలో ఏదో గుచ్చుకునుంది, లేదా చెక్క వంగింది. చివరికంటా వచ్చి గొళ్లెం పడకపోతే గొళ్లెం గూటిలో మట్టి ఉంది. అక్కడ ఇంకోసారి సిరంజి పెట్టు.

రాపిడికి ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ అనుమానించరు. పిడి స్క్రూలు ఎక్కువ బిగిస్తే రెండు చెక్కలూ దగ్గరై కత్తిని నొక్కుతాయి. ఒక్కో స్క్రూ పావు చుట్టు వదులు చేసి ఆడించి చూడు. కత్తి చురుగ్గా వస్తే రోగం అదే. వేలి బలంతో బిగించి, మరకి సూది మొనంత నీలం లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) పెడితే చాలు. అది గాడిలోకి కారితే మాత్రం మొత్తం మళ్లీ కడుక్కోవాలి. ఆ స్క్రూలు నక్షత్రం తలవి, టీ6 గానీ టీ8 గానీ పడుతుంది, ఆ బిట్లు కూడా సెల్ షాపులోనే దొరుకుతాయి. సరిపోని బిట్టుతో తిప్పితే తల అరిగిపోయి ఇంక రాదు.

నూనె విషయంలో చెయ్యి బిగపట్టు. కుట్టుమిషను నూనె మంచిదే. కత్తి బయటుండగా, మూతి దగ్గర ఒక ముఖానికి ఒక చుక్క, రెండో ముఖానికి ఒక చుక్క. పదిసార్లు ఆడించి, బయటికొచ్చిన నూనె తుడిచెయ్యి. అంతకి మించితే జేబులోని నూలుపోగులన్నీ లోపలికి చేరతాయి. గ్రీజు అసలొద్దు, ఆ చిన్న ఊపుని అదే తినేస్తుంది. కొబ్బరినూనె కొన్నాళ్లకి బంకైపోతుంది. డబ్ల్యూడీ-40 తేమని తరమడానికి పనికొస్తుంది గానీ నూనె బదులు దాన్నే నమ్ముకోకూడదు.

కత్తి బయటున్నప్పుడు కొంచెం ఆడుతుంది. అది లోపం కాదు. గాడికీ కత్తికీ సందు లేకపోతే ఊపు మీద జారలేదు. లేత్ మీద పనిచేసేవాడివి, సందు చూడగానే రేకు వేసి బిగించాలనిపిస్తుంది, ఆ పని చెయ్యకు. గొళ్లెం అంచుని ఆకురాయితో రాయడం అంతకన్నా ప్రమాదం. ఆ అంచు వాలు కొంచెం మారినా కత్తి పనిమధ్యలో వెనక్కి జారుతుంది. స్ప్రింగు చుట్లు కత్తిరించి బిగువు పెంచడం కూడా వద్దు. మీట బరువెక్కుతుంది, గొళ్లెం మీద దెబ్బ పెరుగుతుంది.

ఇవన్నీ చేసినా రాకపోతే అప్పుడే విప్పు. కత్తి లోపలుండగా క్లిప్పు తీసి, పిడిని తెల్లగుడ్డ పరిచిన పళ్లెంలో పెట్టి, చెక్కని వేళ్లతో నొక్కిపట్టుకుని స్క్రూలు తియ్యి. చెక్క ఎత్తేటప్పుడు అడ్డంగా లాగకు, తిన్నగా పైకెత్తు. గొళ్లేల వెనకున్న సన్న స్ప్రింగులు ఎగిరేవి అప్పుడే. ఏదీ ముట్టుకోకముందే నాలుగు వైపులనుంచీ ఫొటో తీసుకో. గొళ్లెం అంచు భూతద్దంలో చూడు. పదునైన మూల కనిపిస్తే బాగున్నట్టు, మెరుస్తూ గుండ్రంగా ఉంటే అరిగినట్టు. గాడిలో పొడవాటి గీతలుంటే ఇసుక పనే. చవక నకళ్లలో పిడి అల్యూమినియం బదులు జింకు పోత ఉంటుంది, మరలు తొందరగా పోతాయి, వాటి మీద ఎక్కువ కాలం ఖర్చుపెట్టకు. అసలు కంపెనీదైతే విప్పాక వారంటీ ఉండకపోవచ్చు, ఆ మాట అతనితో ముందే అను.

సాన పట్టేటప్పుడు మూతి చుట్టూ టేపు వేసి, మొన కిందికి వంచి పట్టు. లేకపోతే సానరాయి బురద తిన్నగా గాడిలోకి దిగుతుంది. ఈ కత్తుల్లో చాలావాటికి డీ2 ఉక్కు ఉంటుంది. అందులో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది, అయినా మన ఉప్పుగాలికి తుప్పు మచ్చలు పడతాయి. వాడాక తుడిచి, పల్చగా నూనె రాసి ఉంచమను.

దేనికి వాడాలో కూడా అతనికి చెప్పు. తాడు, పెట్టెలు, ప్లాస్టిక్ కట్లు కొయ్యడానికి మంచిది. పెట్టెల టేపు జిగురు కత్తికి అంటితే తుడవకుండా లోపలికి పంపకూడదు. మామిడికాయ కోసి సొనతో మూసినా, పచ్చి జీడిగింజ కోసినా ఆ జిగురు గాడిలో గట్టిపడి కూర్చుంటుంది. చెక్కలో గుచ్చి తిప్పడం, డబ్బా మూత పెకలించడం దీని పని కాదు. ఆ బరువంతా రెండు చిన్న గొళ్లేల మీద పడుతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. ఇక్కడ టెక్సస్‌లో 2013 సెప్టెంబరు 1 నుంచి ఇలాంటివి ఉంచుకోవచ్చు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2021 జులై నుంచి ఇంట్లో దాచుకున్నా నేరమే. ఓడ మనిషి కాబట్టి ప్రతి రేవులోనూ చట్టం మారుతుందని గుర్తుంచుకోమను. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. బటన్‌తో తెరుచుకునే కత్తిని పోలీసులు కూరగాయల కత్తిలాగ చూడరు. జేబులో వేసుకుని శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో తిరగొద్దని గట్టిగా చెప్పు. నేనొచ్చేటప్పుడు ఇంకొకటి తెమ్మని ఎవరైనా అడిగితే కుదరదని నువ్వే చెప్పెయ్.

విప్పాక స్ప్రింగు సాగిపోయిందని తేలితే, వెర్నియర్‌తో తీగ మందం, చుట్ట బయటి వ్యాసం, చుట్లెన్ని, కొక్కేనికీ కొక్కేనికీ మధ్య నిడివి కొలిచి, గొళ్లేల ఫొటోలతో పంపు. ఆ నాలుగు కొలతలుంటే సరిపోయే స్ప్రింగు ఏదో చూసి చెప్తాను.

ఇట్లు
మీ పెద్దోడు